విషజ్వరం పోయింది, నొప్పులు పోలేదు: ఇది కీళ్లవాతమేనా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 48 ఏళ్లు, ఇంట్లోనే టైలరింగ్. 24 రోజుల కిందట ఒక్కసారిగా చలితో 103 జ్వరం, మూడో రోజుకి ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు. నాలుగు రోజుల్లో జ్వరం దిగిపోయింది గానీ రెండు మణికట్లు, వేళ్ల కణుపులు, చీలమండలు వాచిపోయి అలాగే ఉన్నాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి మూసుకోదు, కత్తెర పట్టలేకపోతున్నారు. డెంగీ పరీక్ష నెగెటివ్. ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు సూదులు వేస్తే, వేసిన ప్రతిసారీ రెండు రోజులు హాయి, మూడో రోజు మళ్లీ మొదటికే. టౌన్‌లో చూపిస్తే కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష 31, యూరిక్ యాసిడ్ 6.3 వచ్చాయి, "ఇది కీళ్లవాతం, జీవితాంతం మందులు వాడాలి" అని మెథోట్రెక్సేట్ రాశారు. ఇంకా కొనలేదు, మొదలుపెట్టాలా వద్దా అని అడిగారు.

ఆ మందు ఇవాళే మొదలుపెట్టేంత తొందరేమీ కనిపించట్లేదు నాకు. మీరు చెప్పిన కథంతా వైరస్ జ్వరం తర్వాత వచ్చే కీళ్ల వాపులా ఉంది, అందులోనూ ముందు అనుమానించాల్సింది చికున్‌గున్యాని, కానీ ఆ పరీక్ష ఇంతవరకు ఎవరూ చేయించలేదు. మీరు పంపిన ఫోటో చూసి, రాసింది చదివి నేను జబ్బు పేరు ఖాయం చేయలేను, చేయకూడదు కూడా. అయితే ఆ చీటీ రాసిన డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లి "సార్, 24 రోజుల కింద జ్వరం, దద్దుర్లు వచ్చాకే ఇది మొదలైంది, చికున్‌గున్యా అయి ఉండొచ్చా?" అని అడగండి. చాలాసార్లు ఏమవుతుందంటే పేషెంటు నొప్పి గురించే చెప్తారు, జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది కదా అని ఆ సంగతి ఎత్తరు. డాక్టరు కూడా అడగరు. అక్కడే తప్పుతుంది దారి.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే కాబట్టి చెప్తున్నాను. 2006లో చదువు ముగించి కడప జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను, చేరిన కొన్నాళ్లకే చికున్‌గున్యా వచ్చి పడింది. మన దేశంలో ఆ జబ్బు 1963లో కలకత్తాలో, ఆ తర్వాత ఏడాది రెండేళ్లలో మద్రాసు, విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి దాకా వచ్చి, 1973లో మహారాష్ట్రలో ఒకసారి కనిపించి, తర్వాత మూడు దశాబ్దాలు జాడ లేకుండా పోయింది. అంటే మాకు పాఠం చెప్పినవాళ్లలో చాలామంది దాన్ని కళ్లతో చూడలేదు. 2005 చివర్లో మళ్లీ మొదలై 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. మా ఓపీ గది ముందు అరుగు మీద కూర్చున్నవాళ్లు పేరు పిలిస్తే లేవలేకపోయేవాళ్లు, గోడ పట్టుకుని, పక్కవాళ్ల భుజం పట్టుకుని, నడుం వంచుకునే లోపలికి వచ్చేవాళ్లు. ఒకామె ఓపీ చీటీని వేళ్లతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, నమస్కారం పెడుతున్నట్టుగా నా ముందుకు చాపింది. ఆ పేరు కూడా టాంజానియా ప్రాంతపు మకొండే భాషలోంచి వచ్చింది, "వంగిపోవడం" అనే అర్థంలోనే, 1952లో అక్కడే మొదట గుర్తించారు. మా దగ్గర మాత్రం పేరు వినగానే కోడి గుర్తొచ్చి కొన్నాళ్లు చికెన్ మానేసినవాళ్లు ఉన్నారు. పాపం కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఇది పగలు కుట్టే ఏడిస్ దోమ పని.

ఆ రోజుల్లో ఒకామెకి, అచ్చం మీ అమ్మగారిలాగే, రెండు చేతుల వేళ్లూ వాచి ఐదు వారాలు దాటింది, ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొంచెం పాజిటివ్. నేను పెద్ద పండితుడిలా కీళ్లవాతం అని చెప్పి మందులు రాసి పంపాను. నాలుగు నెలల తర్వాత వాళ్లబ్బాయికి దెబ్బ తగిలితే తీసుకొచ్చింది. చేతులు చూపించమన్నాను. వేళ్లు సన్నగా, మామూలుగా ఉన్నాయి. మందులు ఎప్పుడు ఆపావమ్మా అంటే, "అవి కొననే లేదు సార్, డబ్బుల్లేక" అంది. అప్పట్నుంచి చేతుల వాపుతో ఎవరొచ్చినా నేను ముందు రిపోర్టులు చూడను, మొదటి జ్వరం ఏ తేదీన వచ్చిందో అడుగుతాను.

ఈ జబ్బుల్లో తేదీకి ఉన్నంత విలువ ఏ రక్తపరీక్షకీ లేదు, ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఇంట్లో గోడకి వేలాడే క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీద జ్వరం వచ్చిన రోజుకి సున్నా చుట్టండి. మూడు వారాల దాకా అది తొలి దశ, అప్పుడు నొప్పి ఎంత భయంకరంగా ఉన్నా అది మామూలే. మూడు వారాల నుంచి మూడు నెలల దాకా తగ్గుముఖం పట్టే దశ, కానీ గీత గీసినట్టు దిగదు, నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ పట్టేస్తుంది, దానికి జనం "తిరగబెట్టింది" అంటారు. మూడు నెలలు దాటినా వాపు ఉందంటే దాన్ని దీర్ఘకాలిక దశ అంటాం, అప్పుడు ఆలోచన మారుతుంది. అమ్మగారు 24వ రోజులో ఉన్నారు. కీళ్లవాతం అని తేల్చడానికి డాక్టర్లు వాడే లెక్కల్లో కూడా వాపు ఆరు వారాలైనా ఉంటేనే దానికి ఒక మార్కు పడుతుంది, ఎందుకంటే చాలా వైరస్ నొప్పులు ఆ లోపే సర్దుకుంటాయి. చికున్‌గున్యా మాత్రం ఆ ఆరు వారాల మర్యాద పాటించదు. 45 దాటినవాళ్లలో, ఆడవాళ్లలో, ముందునుంచే మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో, మొదటి వారం నొప్పి మరీ తీవ్రంగా ఉన్నవాళ్లలో నెలల తరబడి సాగొచ్చు. కాబట్టి అమ్మగారికి పదిహేను రోజుల్లో పూర్తిగా పోతుందని నేను హామీ ఇవ్వను.

వైరస్ పోయాక కూడా నొప్పి ఎందుకు అని చాలామంది అడుగుతారు. రక్తంలో వైరస్ వారం రోజుల్లో దాదాపు కనిపించకుండా పోతుంది, కానీ అది కీలు లోపలి పొరలో చేరి అక్కడి కణాల్ని రెచ్చగొడుతుంది, దాని మీదకి మన రోగనిరోధక సైన్యం దిగుతుంది, ఆ కొట్లాటలో కీలు వాస్తుంది. కొట్లాట ఎన్నాళ్లు, ఎందుకు సాగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఒక రోగికి ఏడాదిన్నర తర్వాత కీలు పొరలో వైరస్ తాలూకు జన్యు ఆనవాళ్లు దొరికాయి, కొలంబియాలో దాదాపు రెండేళ్ల తర్వాత కొందరి కీళ్ల నీరు తీసి వెతికితే ఏమీ దొరకలేదు.

ఇక ఆర్‌ఏ ఫ్యాక్టర్ సంగతి. మీ ల్యాబ్ లెక్కలో 20 లోపు ఉండాలి, 31 వచ్చింది. ఇది తక్కువ పాజిటివ్ కిందే లెక్క, మామూలు హద్దుకి మూడు రెట్లు దాటితేనే ఎక్కువ పాజిటివ్ అంటారు. ఏదైనా వైరస్ జ్వరం తర్వాత, హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో, ఏ జబ్బూ లేని పెద్ద వయసు వాళ్లలో కూడా ఇలా కొంచెం పెరుగుతుంది. దీనికంటే యాంటీ సీసీపీ అనే పరీక్ష నమ్మదగింది, వైరస్ నొప్పుల్లో అది పాజిటివ్ రావడం అరుదు. అది గట్టిగా పాజిటివ్ వస్తే మాత్రం నా మాట పక్కన పెట్టి రుమటాలజిస్టు (కీళ్లవాతం స్పెషలిస్టు) దగ్గరికి వెంటనే వెళ్లండి, జ్వరం సాకుతో అసలు కీళ్లవాతమే బయటపడి ఉండొచ్చు. యూరిక్ యాసిడ్ 6.3 గురించి టెన్షన్ వద్దు. యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ అయితే సాధారణంగా కాలి బొటనవేలు ఒక్కటే రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా ఉంటుంది. రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి వాచిన మనిషికి ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు, అనవసరంగా పప్పు మానిపించడానికి తప్ప.

చేయించాల్సింది చికున్‌గున్యా ఐజీఎం, అంటే ఈమధ్య సోకిన వైరస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీని వెతికే రక్తపరీక్ష, అదీ ల్యాబ్‌లో చేసే ఎలైసా పద్ధతిలో. కార్డు మీద చుక్క వేసి పది నిమిషాల్లో చెప్పేది అంత నమ్మకం కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు, అడగండి. నేరుగా వైరస్‌నే వెతికే పీసీఆర్ మొదటి వారంలోనే పనికొస్తుంది, ఇప్పుడు దానికి డబ్బు పెట్టొద్దు. ఈపాటికి ఐజీఎం నెగెటివ్ వస్తే చికున్‌గున్యా కాదని దాదాపుగా అనుకోవచ్చు, అప్పుడు వేరే వైపు చూడాలి. దాంతోపాటు రక్తం లెక్క, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కిడ్నీల కోసం క్రియాటినిన్, లివర్ పరీక్ష, షుగర్, హెపటైటిస్ బి, సి. ఈ చివరి రెండూ ఎందుకంటే, హెపటైటిస్ బి కొందరిలో పచ్చకామెర్లు రాకముందే కీళ్ల నొప్పులు, దురద దద్దుర్లతో మొదలవుతుంది, నాలుగు రోజులాగి కళ్లు పసుపెక్కగానే కీళ్లు బాగుపడతాయి, వాళ్లేమో నొప్పి మందు పని చేసిందనుకుని పసరు మందుకి పరిగెత్తుతారు. రెండో కారణం, రేపు నిజంగానే మెథోట్రెక్సేట్ లాంటిది వాడాల్సి వస్తే లివర్‌లో ఈ వైరస్‌లు దాక్కుని ఉన్నాయో లేదో ముందే తెలియాలి. ఎక్స్‌రే ఇప్పుడు తీయించినా ఏమీ కనిపించదు.

ఐజీఎం నెగెటివ్ వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఈమధ్య ఇంట్లో చిన్నపిల్లలకి ఎవరికైనా బుగ్గలు చెంపదెబ్బ కొట్టినట్టు ఎర్రబడ్డాయా అని. పార్వో వైరస్ బి19 అని ఒకటుంది, పిల్లల్లో బుగ్గల మీద ఎరుపుతో పోతుంది, అదే తల్లికో టీచర్‌కో అంటుకుంటే దద్దుర్లు అంతగా ఉండవు గానీ వేళ్లు, మణికట్లు, మోకాళ్లు రెండు వైపులా సమానంగా పట్టేస్తాయి. ఒక అంగన్‌వాడీ టీచర్ నా దగ్గరికి ఇలాగే వచ్చింది, చపాతీ పిండి పిసకలేకపోతున్నాను సార్ అంటూ. మూడు నాలుగు వారాల్లో దానంతటదే తగ్గింది. అయితే ఇంట్లో గర్భిణి ఉన్నా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లున్నా పార్వోని తేలిగ్గా తీసుకోకూడదు, కడుపులో బిడ్డకి ప్రమాదం, సికిల్ సెల్ వాళ్లకి రక్తం తయారవడమే కొన్నాళ్లు ఆగిపోతుంది. రుబెల్లా కూడా పెద్దయ్యాక సోకిన ఆడవాళ్లలో ఇలాంటి నొప్పులే తెస్తుంది. డెంగీలో ఎముకలు విరిచినట్టు నొప్పి ఉంటుంది గానీ కీలు కంటికి కనిపించేలా వాయడం తక్కువ, కాబట్టి నొప్పి వేరు, వాపు వేరు, డాక్టర్‌కి చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పండి. ఇది చదివేవాళ్లలో ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ దోమల వల్లే వచ్చే రాస్ రివర్ వైరస్ ఉంది, దాదాపు ఇదే వేషం, మీ జీపీని పేరు పెట్టి అడగండి.

ఆ నాలుగు సూదుల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమనుకోకండి. ఏం సూది అని అడిగి పేరు రాయించుకోండి. వేసిన గంటలో లేచి తిరిగి, రెండు రోజులకి మళ్లీ కూలబడే కథ వింటే నాకు స్టెరాయిడ్ అనే అనుమానం, చాలాచోట్ల డెక్సామెథాసోన్, డైక్లోఫెనాక్ కలిపి పొడిచేస్తుంటారు. తొలి వారాల్లో స్టెరాయిడ్ ఇస్తే మాయలా తగ్గుతుంది, ఆపగానే కసిగా తిరగబెడుతుంది, మనిషి మళ్లీ సూదికి వెళ్తారు. అలా ఏడు నెలలు వారం వారం వేయించుకున్న ఒక రైతు భార్యని చూశాను, ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది, ఎప్పుడూ లేని షుగర్ 300 దాటింది, ఒక రోజు సూది ఇచ్చే మనిషి ఊళ్లో లేకపోతే మూడు రోజులకి బీపీ పడిపోయి మంచం మీద తీసుకొచ్చారు. కొరియర్‌లో వచ్చే పేరు లేని పొట్లాల మందులదీ ఇదే గోల, వాటిల్లో చాలాసార్లు కలిపేది ఇదే. స్టెరాయిడ్ చెడ్డ మందు అనట్లేదు, మూడు నెలలు దాటిన వాపుకి తక్కువ డోసులో, లెక్కగా, కొన్ని వారాలు మేమూ ఇస్తాం. అమ్మగారికి ఎప్పట్నుంచో రోజూ వాడుతున్నది ఏదైనా ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

ఇప్పటికి నొప్పికి పారాసిటమాల్ 650 రోజుకి మూడుసార్లు, ఆరు గంటల ఎడంతో, లివర్ జబ్బు లేకపోతే. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి కాకుండా వేళకి వేస్తే బాగా పని చేస్తుంది. జ్వరం ఉన్న రోజుల్లో, డెంగీ కాదని తేలకముందు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి వద్దంటాం, డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, డెంగీనీ చికున్‌గున్యానీ మోసేది ఒకటే దోమ, ఒకటే సీజన్. మీకా గండం దాటింది, కాబట్టి క్రియాటినిన్ బాగుండి, బీపీ, గుండె, అల్సర్ ఇబ్బందులు లేకపోతే డాక్టర్‌ని అడిగి నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందు ఏదో ఒక్కటి, తిన్నాక, పది పదిహేను రోజులు వాడొచ్చు. ఒక్కటే అని ఎందుకు నొక్కుతున్నానంటే, మెడికల్ షాపు వాడిచ్చిన బిళ్లలో ఒకటి, ఆర్‌ఎంపీ ఇచ్చిన దాంట్లో ఒకటి, పక్కింటావిడ ఇచ్చిన దాంట్లో ఒకటి, మూడూ ఒకే జాతి మందులై కిడ్నీ దెబ్బతిన్నవాళ్లున్నారు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా కొందరు రాస్తారు. దాని దగ్గరి చుట్టమైన క్లోరోక్విన్ మీద చేసిన పరీక్షల్లో తొలి దశలో గొప్ప ఉపయోగమేమీ తేలలేదు, నేను తొందరపడి ఇవ్వను. మెథోట్రెక్సేట్ దాని చోట మంచి మందు, మూడు నెలలు దాటి కీళ్లు వాచి ఉంటే చికున్‌గున్యాలో కూడా రుమటాలజిస్టులు వాడతారు. రేపు ఆ అవసరం వస్తే భయపడొద్దు, కానీ ఒక్క విషయం గోడ మీద రాసిపెట్టుకోండి: అది వారానికి ఒక్కసారి వేసే మందు. చీటీ సరిగా చదవక రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లు ప్రతి పెద్దాసుపత్రిలో కనిపిస్తారు.

చేతుల విషయానికొస్తే, ఆవిడ వృత్తే చేతులతో కాబట్టి ఇది కాస్త శ్రద్ధగా చదవండి. పొద్దున లేవగానే వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, చెయ్యి మణికట్టు దాటి మునగాలి, పది నిమిషాలు అందులోనే మెల్లగా వేళ్లు ముడవడం, చాపడం, బొటనవేలిని ఒక్కో వేలి కొసకి తాకించడం. రబ్బరు బంతి పిసకమని ఎవరో చెప్తారు, వాపు ఉండగా వద్దు. గట్టి నూనె మర్దనలూ వద్దు, పైపైన రాస్తే సరే. సాయంత్రానికి కీలు వేడిగా ఉబ్బితే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. పూర్తిగా మంచం ఎక్కించి కూర్చోబెట్టకండి, కదలని కీలు ఇంకా బిగుసుకుంటుంది. హెమ్మింగ్, హుక్కులు కుట్టడం లాంటి చేతి పని ఇంకెవరికైనా ఇచ్చి, పెద్ద కత్తెరతో మందం గుడ్డ కోయడం కొన్నాళ్లు మానిపించండి. కాలితో తొక్కే మిషనైతే చీలమండల వాపు తగ్గేదాకా దానికి దూరం. రాత్రిళ్లు బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి చెయ్యి విదిలించుకుని లేస్తున్నారేమో అడగండి, మణికట్టు వాపు నరాన్ని నొక్కితే అలా అవుతుంది. దానికి రాత్రిపూట కట్టుకునే పట్టీ ఉంటుంది, చాలామందికి అదే సరిపోతుంది.

పథ్యం గురించి మీరు అడగలేదు గానీ ఈపాటికి ఇంట్లో వంకాయ, గోంగూర, చింతపండు, పెరుగు అన్నీ ఆపేసి ఉంటారని నాకు తెలుసు. వీటితో ఈ వాపుకి సంబంధం ఉన్నట్టు నేను ఇన్నేళ్లలో చూడలేదు. మూడు వారాల నుంచి కారప్పొడి కూడా లేకుండా చారన్నం తిని నీరసపడిన మనిషికి కండ తగ్గి కీళ్ల మీద భారం పెరుగుతుంది. గుడ్డు, పప్పు, పెరుగు, చికెన్ అలవాటుంటే చికెన్, అన్నీ పెట్టండి.

ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పాలి. ఒక్క కీలే ఎర్రగా, కాలిపోతున్నట్టు వాచి మళ్లీ జ్వరం వస్తే అది చీము పట్టిన కీలు కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, వైరస్ నొప్పే కదా అని ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసం, కాళ్లలో బలం తగ్గడం, కన్ను ఎర్రబడి చూపు మసకబారడం, ఇవన్నీ కూడా అంతే. ఇవేమీ లేకపోయినా ఆరు వారాలు నిండేసరికి వాపులో మార్పు కనిపించకపోతే రుమటాలజిస్టుకి చూపించండి, హైదరాబాద్, విజయవాడ, వరంగల్ ఏది దగ్గరైతే అది. అపాయింట్‌మెంట్ దొరకడానికే రెండు మూడు వారాలు పడుతుంది చాలాచోట్ల, కాబట్టి ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి, అక్కర్లేకపోతే రద్దు చేసుకోవచ్చు.

ఇంకొకటి. ఒకసారి చికున్‌గున్యా వచ్చినవాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు. వచ్చే వర్షాకాలంలో వేళ్లు పట్టేస్తే అది చాలావరకు పాత నొప్పే తిరగబెట్టడం, కొత్త జ్వరం కాదు. ఐజీఎం నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, దాన్ని చూసి ఇంకో కోర్సు యాంటీబయాటిక్స్ అంటే ఒప్పుకోవద్దు. ఇంట్లో మిగతావాళ్లకి జ్వరం వస్తే మొదటి వారం పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి, ఆ వారంలో వాళ్లని కుట్టిన దోమే ఇంకొకరికి అంటిస్తుంది. ఫ్రిజ్ వెనకాల నీళ్ల ట్రే ఒకసారి తీసి చూడండి, కూలర్, సంపు సరే గానీ ఆ ట్రే ఎవరికీ గుర్తుండదు.

ఐజీఎం, యాంటీ సీసీపీ వచ్చాక ఇక్కడే పెట్టండి, పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా కొట్టేసి. రిపోర్టులతో పాటు ఈ వారం రోజులు పొద్దున ఎన్ని నిమిషాలకి పిడికిలి పూర్తిగా మూసుకుంటోందో ఆ క్యాలెండర్ మీదే రాయించి, ఆ ఫోటో కూడా పెట్టండి. నేను చూసేది ముందు అదే.